సగం ఖాళీ అని చెప్పిన డ్రైవ్

ఆస్పత్రిలో మా అక్కకి పెట్టిన పేరు మొండిఘటం. అక్క అంటే తోడబుట్టినది కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. ఆ పేరు పెట్టినవాళ్ళు అదేదో పెద్ద తిట్టు అనుకున్నారు. ఆవిడ మాత్రం ఎవరైనా చాటుగా అంటే ఆగి వెనక్కి తిరిగి, "గట్టిగా అనండి, నాకూ వినపడాలి కదా" అనేది. ఆస్పత్రి కంప్యూటర్లన్నీ ఆవిడ చేతిలో ఉంటాయి. నేను కింది అంతస్తులో ఎక్స్‌రేలు తీస్తాను. ఇంట్లో పైన వాళ్ళు, కింద మేము, వంటిల్లు మాత్రం ఒకటే. పొద్దున్న ఒకే పొయ్యి దగ్గర, పగలంతా ఒకే ఆస్పత్రిలో, సాయంత్రం మళ్ళీ అదే పొయ్యి దగ్గర. ఇలాంటి ఇద్దరు పోట్లాడుకోకుండా ఉండాలంటే ఒకరికైనా మాట రాకూడదు. మా ఇద్దరికీ బాగా వచ్చు.

ఆవిడ ఇక్కడ చేరింది కంప్యూటర్లు బాగుచేయడానికి కాదు. వచ్చిన రోగుల పేర్లు టైపు చేసే కౌంటర్లో కూర్చోవడానికి వచ్చింది. ఒకనాడు ఆ కౌంటర్లో కంప్యూటరు మొరాయించింది. బాగుచేసే మనిషి రేపొస్తాను, ఎల్లుండొస్తాను అంటూ తిప్పుతుంటే ఈవిడకి ఒళ్ళు మండి, ఇంటి నుంచి స్క్రూడ్రైవరు తెచ్చి దాని మూత ఊడదీసింది. లోపల దుమ్ము పట్టి ఫ్యాను తిరగడం లేదు, అంతే. అది తుడిచి పెట్టినప్పటి నుంచి ఎవరికేం పాడైనా ఈవిణ్ణే పిలవడం మొదలుపెట్టారు. తరవాత సాయంత్రం కాలేజీలో చేరి చదువుకుంది, పరీక్షలు రాసి ఆ ఉద్యోగమే సంపాదించింది. సర్వర్ గది తాళంచెవి అంతకుముందే ఏదో పని మీద ఒకసారి ఆవిడ చేతికి వచ్చిందట, మళ్ళీ వెనక్కి ఇవ్వలేదట. అడిగినవాళ్ళకి "పోయింది" అని చెప్పేదట, మెళ్ళో గొలుసుకి దాన్ని వేలాడేసుకుని మరీ.

ఆ సర్వర్ గది మందుల దుకాణం వెనక ఉంటుంది. కిటికీ లేదు. ఏసీ నుంచి నీళ్ళు కారి బకెట్లో పడుతుంటాయి, కుర్చీ వీపు మీద ఎప్పుడూ ఒక స్వెట్టరు ఉంటుంది. ఎవరైనా సలహా ఇవ్వడానికి లోపలికొస్తే అక్క ఆ బకెట్టు చేతికిచ్చి పారబోసి రమ్మంటుంది. అందుకని సలహాలిచ్చేవాళ్ళు తగ్గిపోయారు.

ఇక అసలు సంగతి. ఆస్పత్రిలో ప్రతి కంప్యూటరు తెర మీదా ఒక ఐకాన్ ఉంటుంది. దాన్ని అందరం కామన్ డ్రైవ్ అంటాం. తెరిస్తే లోపల విభాగానికో ఫోల్డరు: లెక్కలవాళ్ళది, మందులవాళ్ళది, మా ఎక్స్‌రేలది. ఫైళ్ళన్నీ నిజంగా ఉండేది అక్క గదిలోని డిస్కుల్లోనే. ఐకాన్ కింద నీలం రంగు గీత ఒకటి ఎంత నిండిందో, ఎంత ఖాళీగా ఉందో చూపిస్తుంది. ఆ ఐకాన్‌ని కదిపే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఎముకల వైద్యం చూసే పెద్ద డాక్టరుగారు ఒకసారి అది తెర మీద ఎడమ వైపు నుంచి కుడి వైపుకి జరిగిందని ఆపరేషను బట్టల్లోనే కిందికి దిగి వచ్చి సర్వర్ గది ముందు నిలబడి అరిచారు. అక్కా తిరిగి అరిచింది. కానీ ఆ తరవాత మళ్ళీ ఐకాన్ జోలికి పోలేదు. నాకు తెలిసి ఆవిడ వెనక్కి తగ్గింది ఆ ఒక్కసారే. అదే కొంప ముంచింది.

నా గదిలో పని ఇలా ఉంటుంది. ఎక్స్‌రే తీయగానే బొమ్మ మెషీను తెర మీదికి వస్తుంది. నేను పంపిస్తే కామన్ డ్రైవ్‌లోకి వెళ్తుంది, పైన డాక్టరుగారు తన గదిలో తెరిచి చూస్తారు. తరవాతి మనిషి పేరు ఎక్కించగానే నా తెర మీద పాత బొమ్మ పోతుంది. కొన్నాళ్ళుగా పెద్ద బొమ్మలు పైకి వెళ్ళడం లేదు. వేలు, మణికట్టు లాంటి చిన్నవి వెళ్తున్నాయి. ఛాతీ, నడుము లాంటివి ఒకసారి వెళ్తాయి, ఒకసారి వెళ్ళవు. వెళ్ళనప్పుడు తెర మూల 'చోటు లేదు' అని ఒక చిన్న డబ్బా ఇలా వచ్చి అలా మాయమవుతుంది. రోగి చేతులు ఊపుకుంటూ కిందికి వచ్చి, "డాక్టరుగారికి ఏమీ రాలేదటమ్మా" అంటాడు.

అక్కకి చెప్పాను. వచ్చింది, నా కుర్చీలో కూర్చుంది, ఐకాన్ కింద గీత చూపించింది.

"చూడు, సగం పైగా ఖాళీ. చోటు లేదని ఎవరన్నారు?"

"మెషీను అంది."

"మెషీను ఏదో అంటుంది. డ్రైవ్ చెప్తోంది కదా ఖాళీ ఉందని. నువ్వు పంపకుండానే తరవాతి పేరు ఎక్కించేస్తున్నావేమో. కంగారు మనిషివి."

అక్కడితో ఊరుకోలేదు. మేనేజరు అడిగితే ఆయనతోనూ అదే మాట చెప్పింది, డ్రైవ్‌లో బోలెడు చోటుంది, ఎక్స్‌రే గదిలోనే ఏదో పొరపాటు జరుగుతోందని. ఇంట్లో అన్నా పడేదాన్నేమో, బయటివాళ్ళ ముందు అంటే నాకు నషాళానికి అంటింది. ఆ సాయంత్రం నుంచి ఆవిడతో మాటలు బంద్. ఒకే వంటింట్లో ఒకరికొకరు వీపు పెట్టి వండుకున్నాం. "అత్తయ్యా, ఆ ఉప్పు డబ్బా ఇటు జరపమని చెప్పండి" అని నేను. "అత్తయ్యా, డబ్బా దాని మోచేతి పక్కనే ఉందని చెప్పండి" అని ఆవిడ. పాపం అత్తయ్య రెండు రోజులు ఓపిక పట్టి, "నేనేమన్నా టెలిఫోనునా? నాకు చెవులున్నాయి, మీకూ ఉన్నాయి" అని ఉప్పు డబ్బా తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. చప్పిడి కూర తిన్నాం తప్ప ఇద్దరం నోరు విప్పలేదు.

అలా ఉండగా వచ్చింది ఆ పిల్ల. మెట్ల మీంచి జారిపడిందట, నడుము పట్టేసింది. తండ్రి బస్సు డ్రైవరు. యూనిఫాంలోనే పిల్లని ఎత్తుకుని తెచ్చాడు. నడుము ఎక్స్‌రే తీశాను, పంపాను, తరవాతి పేరు ఎక్కించాను. కాసేపటికి పైనుంచి పిల్లని తిప్పి పంపారు, ఏమీ రాలేదని. మళ్ళీ తీశాను. ఆ పిల్ల బల్ల మీద పక్కకి తిరగలేక పళ్ళు బిగబట్టింది. ఈసారి పంపేటప్పుడు ఆ మూల నుంచి కళ్ళు తిప్పలేదు. డబ్బా వచ్చింది, చోటు లేదంది, పోయింది.

నేను చేయి వెనక్కి తీసుకున్నాను. తరవాతి పేరు ఎక్కించలేదు. రెండో బొమ్మ ఇంకా నా తెర మీదే ఉంది. తరవాతి మనిషిని పిలిస్తే అదీ పోతుంది, పిల్లని మూడోసారి బల్ల ఎక్కించాలి. బొమ్మ చూడ్డానికని డాక్టరుగారు పైన రోగుల్ని వదిలి కిందికి దిగరు. ఫోన్లో ఫొటో తీసి పంపితే ఒప్పుకోరు, సన్నటి బీట ఉంటే అందులో కనపడదు. పెన్‌డ్రైవ్ పెట్టే చోట్లన్నీ వైరస్ భయంతో అక్కే మూయించింది. అందుకని గది తలుపు తీసి, వరండాలో ఉన్నవాళ్ళందరికీ చెప్పాను: "ఈ బొమ్మ పైకి వెళ్ళేదాకా ఇంకెవరికీ తియ్యను. ఈ పాపకి మూడోసారి అసలే తియ్యను."

కాలు విరిగినవాళ్ళు, దగ్గేవాళ్ళు, వాళ్ళతో వచ్చినవాళ్ళు అందరూ ఒంటికాలి మీద లేచారు. కొందరు నన్ను తిట్టారు. నేను తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తిట్లు తింటూ కూర్చోవడం కష్టమే గానీ, ఆ పిల్ల బిగబట్టిన పళ్ళు చూశాక లేవబుద్ధి కాలేదు.

మేనేజరు వచ్చాడు. చేతిలో అప్పటికే ఒక కాగితం ఉంది. టైపు చేయించుకుని మరీ వచ్చాడు. ఎక్స్‌రేలు సరిగా భద్రపరచకపోవడం నా అజాగ్రత్త వల్లేనని, అందువల్లే రోగులకి రెండుసార్లు తీయాల్సి వచ్చిందని, ఇకముందు అలా జరగదని నేను ఇచ్చే సంజాయిషీ అది. కింద సంతకానికి చోటు వదిలారు. బస్సు డ్రైవరు ఫిర్యాదు రాస్తానంటున్నాడు కాబట్టి దానికి జవాబు కావాలి, ఆ జవాబు నేను. ఆ సంతకం పెడితే అబద్ధాన్ని నా చేత్తో నేనే నిజం చేసినట్టు. ఆ తరవాత నన్ను ఎక్స్‌రే గదిలో ఉంచరు, ఇంకెక్కడా తీసుకోరు కూడా.

"సంతకం పెట్టమ్మా, గొడవ ఉండదు. డ్రైవ్‌లో సగం ఖాళీ ఉందని మీవాళ్ళే చెప్పారు."

"పెట్టను."

"మరి గది తెరువు."

"తెరవను."

ఆయన అక్కడే నిలబడి అక్కకి ఫోన్ చేశాడు, మీ మనిషిని మీరే లేపండి అని.

అక్క ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చింది. వస్తూనే కస్సుమంది. ఎన్నో రోజుల తరవాత నాతో నేరుగా అన్న మొదటి మాట అదే. "ఏమే, ఆస్పత్రంతా నెత్తి మీద పెట్టుకున్నావట?"

"అవును. లోపలికొచ్చి చూడు. గీత కాదు, బొమ్మ చూడు."

లోపలికొచ్చింది. ఆవిడ ముందే మళ్ళీ పంపాను. డబ్బా వచ్చింది, పోయింది. అక్క వంగి ఐకాన్ కింద గీత చూసింది: సగం పైగా ఖాళీ. మళ్ళీ పంపమంది. మళ్ళీ అదే. అప్పుడు నేల మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి, గోడలో ఉన్న నెట్‌వర్కు తీగ దానికి పెట్టింది.

"పెద్ద ఫైలు ఒకటి కావాలి. నీ పెళ్ళి వీడియో ఇంకా నా దగ్గరే ఉంది, దానికన్నా పెద్దది లేదు."

నా పెళ్ళి వీడియోని లెక్కలవాళ్ళ ఫోల్డర్లోకి తోసింది. ఇట్టే వెళ్ళిపోయింది. దాన్ని తీసేసి, మా ఎక్స్‌రే ఫోల్డర్లోకి తోసింది. మొదట్లోనే ఆగిపోయింది. చోటు లేదు. ఒకే ఐకాన్, ఒకే గీత, ఒక ఫోల్డర్లో నా పెళ్ళంతా పట్టింది, ఇంకో ఫోల్డర్లో మా ఆయన ఆవులించే చోటు దాకా కూడా రాలేదు. నవ్వొచ్చింది గానీ అక్క ముఖం చూసి ఆపుకున్నాను. ఆవిడ సర్వర్‌నే నేరుగా అడిగింది, ఏ డిస్కు ఎంత నిండిందో చెప్పమని. నల్లటి తెర మీద వరసలు వచ్చాయి. మా ఎక్స్‌రేల డిస్కు గొంతు దాకా నిండి ఉంది.

అక్క ఆ వరస మీద వేలు పెట్టింది. తరవాత తన నుదురు తనే కొట్టుకుంది.

"ఇది నేను చేసిన పనే."

"ఏంటి?"

"మీ ఎక్స్‌రేలు పెరిగిపోతున్నాయని మీకు వేరే డిస్కు పెట్టాను, చాలా ఏళ్ళయింది. వేరే డిస్కు పెడితే వేరే ఐకాన్ రావాలి. వస్తే పెద్ద డాక్టరుగారు మళ్ళీ ఊగిపోతారు. అందుకని ఎవరికీ తెలీకుండా మీ డిస్కుని పాత డ్రైవ్ లోపలే మీ ఫోల్డరు చోట తగిలించాను. బయట గీత పాత డిస్కుదే చూపిస్తుంది. లోపల మీది నిండినా దానికేం తెలుసు? మనింటి మీద రెండు ట్యాంకులు లేవూ? వంటింటి కుళాయి చిన్న ట్యాంకుది. పెద్ద ట్యాంకు చూసొచ్చి నీళ్ళున్నాయంటే పప్పు ఉడుకుతుందా? నిండితే నాకు మెసేజి రావాలని పెట్టుకున్నాను, అదీ ఆ పెద్ద డిస్కునే చూస్తోంది. నిన్ను కంగారు మనిషివన్నాను. నేను గుడ్డిదాన్ని."

ఆవిడ నోట అలాంటి మాట వినడం అదే మొదలు. నాకు కోపం పోలేదు. "ఇప్పుడు నాతో అంటే ఏం లాభం? నలుగురిలో అన్నావు" అన్నాను. కోపంగానే అన్నాను, నాకు ఏడుపొస్తోంది.

"నలుగురిలోనే చెప్తాను. ముందు ఈ పిల్ల సంగతి."

మెషీను పంపే దారిని లెక్కలవాళ్ళ ఫోల్డరు పక్కకి, ఖాళీ ఉన్న డిస్కులోకి మార్చింది. ఈసారి పంపితే డబ్బా రాలేదు. బొమ్మ వెళ్ళింది. నేను కుర్చీ తలుపు దగ్గర నుంచి తీసేశాను. అక్క పైకి ఫోన్ చేసి బొమ్మ ఎక్కడుందో చెప్పేలోపే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడింది. పెద్ద డాక్టరుగారు.

"ఎక్కడమ్మా? ఎక్స్‌రే ఫోల్డర్లో లేదు! పిల్ల ఎంతసేపు పడుకోవాలి?"

వరండాలో జనం, మేనేజరు, బస్సు డ్రైవరు, అందరూ అక్కడే ఉన్నారు. మేనేజరు కాగితం పట్టుకుని ముందుకొచ్చాడు. "సార్, ఎక్స్‌రే గదిలో చిన్న అజాగ్రత్త. సంజాయిషీ తీసుకుంటున్నాం."

"ఆ కాగితం ఇటివ్వండి" అని అక్క దాన్ని ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. వెనక్కి తిప్పి, గోడకి ఆనించి, రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే పైకి చదివింది. ఎక్స్‌రేల డిస్కు నిండిపోయిందని, తెర మీద ఖాళీ అని కనిపించడానికి కారణం డిస్కుని తను తగిలించిన పద్ధతేనని, ఎక్స్‌రే తీసే మనిషి ముందే చెప్పినా తను నమ్మలేదని, తప్పు తనదని.

మేనేజరు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "మేడం, ఆలోచించుకోండి. ఆవిడైతే ఒక హెచ్చరికతో పోతుంది. మీరు రాస్తే ఆస్పత్రి తప్పవుతుంది. మీ ఉద్యోగానికే ముప్పు."

"అయితే గట్టిగానే అనండి, అందరికీ వినపడాలి కదా" అంది అక్క. "జరిగింది ఆస్పత్రి తప్పే. ఆ పిల్లని రెండుసార్లు పడుకోబెట్టింది ఆస్పత్రే. దీని సంతకం మీకెందుకు? నా సంతకం కావాలా వద్దా?"

సంతకం పెట్టి, ఆయన చేతికి కాదు, బస్సు డ్రైవరు చేతికి ఇచ్చింది.

పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "అంటే నా ఐకాన్ కదలకూడదనా ఇదంతా?"

"అవును సార్."

"ఎప్పుడైనా నన్నడిగావా?"

"అడిగితే అరిచేవారు కాదా?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "అరిచేవాణ్ణే" అన్నారు.

వరండాలో ఎవరో నవ్వారు. అక్క నవ్వలేదు. "ఇవాళ సాయంత్రం కదుపుతాను సార్. మీ తెర మీద కూడా. మీకు చెప్పి కదుపుతున్నాను, అడిగి కాదు" అంది. ఆయన నా గదిలోకి వచ్చి, నా కుర్చీలో కూర్చుని, నా తెర మీదే ఆ పిల్ల నడుము చూశారు. బీట లేదు. పట్టేసింది, అంతే. ఆ మాట వినగానే బస్సు డ్రైవరు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

మరి ఆ కాగితం ఏం చేస్తారని అక్కే బస్సు డ్రైవర్ని అడిగింది. "ఫిర్యాదు ఇస్తానమ్మా" అన్నాడు. "మీరు నిజం చెప్పారని ఊరుకుంటే రేపు ఇంకొకరి పిల్ల." అక్క తల ఊపింది. "ఇవ్వండి. ఇవ్వకపోతే నాకు కోపం వస్తుంది" అంది.

ఇచ్చాడు. అక్కకి మెమో వచ్చింది, ఆ ఏడాది జీతం పెరగదని. ఆవిడ ఆ మెమోని సర్వర్ గది తలుపుకి అంటించింది, లోపలివైపు కాదు, బయటివైపు. మేనేజరు తీసెయ్యమన్నాడు. తీస్తానంది, ఇప్పటికీ తీయలేదు. ప్రతి విభాగానికీ వేరే డ్రైవ్, వేరే ఐకాన్, వేరే గీత పెట్టింది. పెద్ద డాక్టరుగారు వారం పాటు పైనుంచి అరుస్తూనే ఉన్నారు. పిలిచినప్పుడల్లా వెళ్ళింది, ఎక్కడుందో చూపించింది, తిరిగి అరిచింది, వచ్చింది. ఐకాన్‌ని మాత్రం పాత చోటికి జరపలేదు. అత్తయ్య ఉప్పు డబ్బా తిరిగి ఇచ్చేసింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్న సర్వర్ గది తాళం తీయకముందే అక్క నా గది గుమ్మంలోకి వస్తుంది. గీత నా తెర మీద ఇప్పుడు సరిగ్గానే చూపిస్తుంది. అయినా వస్తుంది.

"చోటుందా?"

"ఉందనే చూపిస్తోంది."

"అది చెప్పేది కాదే, నువ్వు చెప్పు."

నేను ఒక బొమ్మ పంపి, వెళ్ళిందో లేదో చూసి, ఉందని చెప్తాను. అప్పుడు గానీ అక్కణ్ణుంచి కదలదు.